ప్రేక్షకుల ఎంపిక – కథాగమనం, పాత్రల రూపకల్పన: పద్యనాటకం నుంచి ఇంటరాక్టివ్ ఫిక్షన్ వరకు

సారాంశం

పాఠకుడు లేదా ప్రేక్షకుడు తీసుకునే నిర్ణయం కథను, పాత్రను ఎలా మలుస్తుందన్నది ఇంటరాక్టివ్ ఫిక్షన్ అధ్యయనంలో మూలప్రశ్న. ఈ ప్రశ్న కంప్యూటర్‌తో పుట్టినది కాదు. తెలుగు నేల మీద భేతాళ కథలు, అవధానం, కలాపం, బుర్రకథ, పద్యనాటకం ఈ ప్రశ్నకు తమవైన సమాధానాలు చెప్పాయి. పాత కృష్ణా జిల్లాను, అందులో భాగంగా ఉండిన నూజివీడు మామిడి ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, ప్రేక్షకుల ఎంపిక కథాక్రమాన్ని, పాత్ర ప్రాధాన్యాన్ని, పాత్ర స్వభావాన్ని ఏ విధంగా మార్చిందో ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగులో ఇంటరాక్టివ్ ఫిక్షన్ రాయదలచినవారు ఈ సంప్రదాయం నుంచి గ్రహించవలసిన అంశాలను, దాని నుంచి నేర్చుకోవలసిన హెచ్చరికను సూచిస్తుంది.

కీలక పదాలు: ఇంటరాక్టివ్ ఫిక్షన్, ప్రేక్షకుడు, ఎంపిక, పద్యనాటకం, చింతామణి, పాత్ర చిత్రణ, నూజివీడు.

1. ప్రవేశిక

అచ్చయిన నవలలో పాఠకుడి పని చదవడం, ఊహించడం, అర్థం చేసుకోవడం. కథ ఎటు పోవాలో నిర్ణయించే అధికారం అతనికి లేదు. ఇంటరాక్టివ్ ఫిక్షన్‌లో ఆ అధికారంలో కొంత పాఠకుడి చేతికి వస్తుంది. కథ ఒక కూడలి దగ్గర ఆగి ‘ఇప్పుడేం చేయాలి?’ అని అడుగుతుంది. వచ్చిన జవాబును బట్టి ముందుకు సాగుతుంది.

ఈ ప్రక్రియను పూర్తిగా పాశ్చాత్యమైనదిగా, యంత్రయుగానికే చెందినదిగా భావించడం పరిపాటి. సాంకేతిక రూపం వరకు అది నిజమే. కథకుడికి, వినేవాడికి మధ్య అధికార పంపకం అన్న కోణంలో చూస్తే తెలుగు ప్రదర్శన కళలు ఈ పనిని తరతరాలుగా చేస్తున్నాయి. అందుకు పాత కృష్ణా జిల్లా మంచి ఉదాహరణ. దక్షిణాన కూచిపూడి, సముద్రతీరంలో బందరు, నడుమ బెజవాడ, ఉత్తరాన నూజివీడు మామిడి తోటలు ఒకే ప్రదర్శన సంస్కృతిని పంచుకున్నాయి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది గానీ, ఊళ్ళ మధ్య సాంస్కృతిక బంధం పాతదే. మాఘమాసపు తిరునాళ్ళ నుంచి శ్రీరామనవమి పందిళ్ళ దాకా సాగే నాటకాల కాలం, ఈ ప్రాంతంలో మామిడి పూత పిందెగా, పిందె కాయగా మారే కాలం ఒకటే. రాత్రంతా నాటకం చూసే రైతు కేవలం చూసేవాడు కాడు. ఏ సీను ఆడాలో, ఏ పద్యం మళ్ళీ పాడాలో, ఏ నటుడు ఏ వేషం కట్టాలో చెప్పేవాడు. ఆ మాట నాటకాన్ని ఎంతవరకు మార్చిందన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

2. ఇంటరాక్టివ్ ఫిక్షన్: స్వరూపం

1970ల మధ్యలో అమెరికాలో విల్ క్రౌథర్ ఒక గుహలో సంచారాన్ని వర్ణించే కంప్యూటర్ కథను తయారు చేశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని విస్తరించాడు. ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ అన్న ఆ రచనలో చదివేవారు చిన్న చిన్న ఆజ్ఞలను టైపు చేస్తూ ముందుకు సాగాలి. 1979లో ఎడ్వర్డ్ ప్యాకర్డ్ రాసిన ‘ది కేవ్ ఆఫ్ టైమ్’తో ‘చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్’ అన్న పుస్తకాల వరుస మొదలైంది. అందులో పుట చివర రెండో మూడో దారులు ఉంటాయి. ఏ దారి ఎంచుకుంటే ఆ పుటకు వెళ్ళాలి. మొదటిది ఆజ్ఞల పద్ధతి, రెండవది ఎంపికల పద్ధతి. ఇప్పటికీ ఈ ప్రక్రియలో ప్రధాన శాఖలు ఈ రెండే.

ప్రేక్షకుల సమూహం కలిసి నిర్ణయించే రూపం ఇంతకంటే ముందే వచ్చింది. 1935లో బ్రాడ్వేలో ప్రదర్శితమైన అయన్ రాండ్ నాటకం ‘నైట్ ఆఫ్ జనవరి 16త్’లో ప్రేక్షకుల నుంచే జ్యూరీని ఎన్నుకునేవారు. వారి తీర్పును బట్టి ముగింపు మారేది. 1967లో మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శనలో చెకోస్లొవేకియా దర్శకుడు రదూజ్ చించెరా చూపిన ‘కినోఆటోమాట్’ సినిమాలో ప్రేక్షకులు కుర్చీ దగ్గరి మీటలు నొక్కి ఓటు వేసేవారు. ఓటు ఎటు పడినా కథ మళ్ళీ ఒకే చోటుకు చేరేటట్టు దాన్ని అల్లారు. 2018 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన ‘బ్యాండర్‌స్నాచ్’ ఈ ప్రశ్నను ఇంటి తెర మీదికి తెచ్చింది.

కినోఆటోమాట్ అల్లిక వెనుక గణితపరమైన కారణం ఒకటి ఉంది. ప్రతి కూడలిలో రెండు దారులు ఉండి, ఏ దారీ మరొక దారితో కలవకపోతే పది కూడళ్ళు దాటేసరికి 1,024 ముగింపులు రాయవలసి వస్తుంది. ఇది ఏ రచయితకూ సాధ్యం కాదు. అందువల్ల దారులు విడిపోయి, కొంత దూరం నడిచి, తిరిగి ఒక ముఖ్య సంఘటన దగ్గర కలుస్తాయి. అలా కలిసినప్పుడు పాఠకుడి ఎంపిక వృథా కాకుండా ఉండాలంటే దాని జ్ఞాపకం కథలో ఎక్కడో నిలవాలి. ఆ జ్ఞాపకానికి సహజమైన చోటు పాత్ర. సంఘటన అందరికీ ఒకటే కావచ్చు, కానీ దాన్ని ఎదుర్కొనే మనిషి అప్పటికి వేరు మనిషి అయి ఉంటాడు. ఈ సూత్రం పట్టుబడితే ప్రక్రియ చాలావరకు పట్టుబడినట్టే.

3. తెలుగు కథన సంప్రదాయంలో శ్రోత అధికారం

శ్రోతను కథలో భాగస్వామిగా చేసే పద్ధతులు తెలుగులో అనేకం. వాటిని మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటిది ప్రశ్నతో ఆగే కథ. భేతాళ కథల చట్రం ‘చందమామ’ పాఠకులందరికీ పరిచితమే. భేతాళుడు కథ చెప్పి, చివర చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. అంటే విక్రమార్కుడి ముందున్న రెండు దారులకూ మూల్యం ఉంది. పాలవేకరి కదిరీపతి ‘శుకసప్తతి’లో చిలుక, అయ్యలరాజు నారాయణామాత్యుడి ‘హంసవింశతి’లో హంస కథను చిక్కుముడి దగ్గర ఆపి ‘ఆ స్త్రీ ఇప్పుడెలా బయటపడాలో చెప్పు’ అని నాయికను అడుగుతాయి. ఆమె ఆలోచనలో ఉండగానే తెల్లవారుతుంది. ఇక్కడ శ్రోత జవాబు కంటే, జవాబు కోసం గడిపిన కాలమే కథను నడిపిస్తుంది. ఎంపిక చేయడానికి పట్టిన ఆలోచన కూడా కథలో భాగమేనన్న గ్రహింపు ఈ కావ్యాల్లో కనిపిస్తుంది.

రెండవది నియమం విధించే శ్రోత. అవధానంలో పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, దత్తపదిలో పదాలు ఇస్తాడు, నిషిద్ధాక్షరిలో అవధాని పలికే ప్రతి అక్షరం తరువాత రాకూడని అక్షరాన్ని చెబుతాడు. పద్యం అవధానిదే అయినా దాని దారి పొడవునా పృచ్ఛకుడి అడ్డుకట్టలు ఉంటాయి. నిషిద్ధాక్షరి ఇద్దరి మధ్య అంచెలంచెలుగా సాగే ఆట. పూర్తయిన పద్యం వారిద్దరి సంఘర్షణ ఫలితం. అవధానాన్ని ఊరూరా ప్రచారం చేసిన తిరుపతి వేంకట కవులే ‘పాండవోద్యోగ విజయములు’ నాటకాలు రాయడం గమనార్హం. సభలో శ్రోతలకు అప్పటికప్పుడు జవాబు చెప్పిన కవుల పద్యాలు రంగస్థలం మీద కూడా శ్రోతల నాలుకల మీదికి సులువుగా ఎక్కాయి.

మూడవది ప్రేక్షకుల ప్రతినిధి. కూచిపూడి భామాకలాపంలో మాధవి పాత్ర ఇటువంటిది. ఆమె సత్యభామకు చెలికత్తె. అదే సమయంలో సభ తరఫున ప్రశ్నలు వేసే మనిషి. భర్త పేరు చెప్పడానికి సిగ్గుపడే సత్యభామ చేత నలుగురిలో ఆ పేరు చెప్పించాలని పట్టుబడుతుంది. లేఖ తీసుకుపోవడానికి ముక్కెర అడుగుతుంది. సభలో కూర్చున్నవారి కొంటెతనమంతా మాధవి నోట పలుకుతుంది. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఉండే వంతలు ఇదే పని చేస్తారు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతారు. కథ ఏ కాలానిదైనా ఆ ఊరి సంగతులు, ఆనాటి ప్రభుత్వం సంగతులు వంతల ద్వారా కథలోకి వస్తాయి. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు రామాయణం మధ్యలో దూరి ఊరి ముచ్చట్లు చెప్పడం కూడా ఇటువంటిదే. ప్రధాన కథకు భంగం కలగకుండా ప్రేక్షకులకు చోటు కల్పించే పాత్రలివి.

4. పద్యనాటకం: మార్గం మారినా మారని గమ్యం

శ్రోత అధికారం అత్యంత బాహాటంగా కనిపించే ప్రక్రియ పద్యనాటకం. శ్రీకృష్ణ రాయబారం విఫలమవుతుందని ప్రేక్షకులందరికీ తెలుసు. హరిశ్చంద్రుడు సత్యం తప్పడని తెలుసు. ముగింపును మార్చాలన్న కోరిక ఎవరికీ లేదు. వారి ఎంపిక అంతా మార్గం మీదనే.

ఆ ఎంపిక మొదట కథాక్రమం మీద పడింది. నాటకం మొత్తం ఆడడం కంటే జనం కోరే ఘట్టాలను ఏరి ఆడడం అలవాటయింది. ‘పడకసీను’, ‘రాయబారం సీను’, ‘వారణాసి సీను’, ‘కాటిసీను’ అన్న మాటలు ఆ విధంగా వాడుకలోకి వచ్చాయి. ప్రదర్శన మాట్లాడుకునేటప్పుడే ఏయే సీన్లు కావాలో ఊరివారు చెప్పేవారు. ఇంటరాక్టివ్ ఫిక్షన్ పరిభాషలో చెప్పాలంటే, కథ ఖండాలుగా విడిపోయి, ఏ ఖండాలను ఏ వరుసలో కలపాలో ప్రేక్షకులు నిర్ణయించే స్థితి ఏర్పడింది.

తరువాత అది పాత్రధారి మీద పడింది. కాంట్రాక్టు నాటకాల్లో వేర్వేరు సమాజాల నుంచి పేరున్న నటులను పిలిపించి, రిహార్సల్ లేకుండానే ఒకే వేదిక మీద ఆడించేవారు. నాటకం అందరికీ కంఠస్థం కాబట్టి ఇది సాధ్యమయింది. ఒకే రాత్రి పడకసీనులో ఒక కృష్ణుడు, రాయబారంలో మరొక కృష్ణుడు కనిపించడం ఈ పద్ధతి ఫలితం. పాత్ర ఒకటే, శరీరాలు రెండు మూడు. ఒక కృష్ణుడు చమత్కారి, మరొకడు గంభీరుడు. ప్రేక్షకుడు ఆ ఇద్దరినీ పోల్చుకుంటూ తన మనసులో మూడో కృష్ణుణ్ణి నిర్మించుకునేవాడు.

చివరకు అది కాలం మీద కూడా పడింది. ‘వన్స్ మోర్’ అన్న కేకతో కథ వెనక్కి వెళుతుంది. నటుడు అదే పద్యాన్ని ఇంకొక రాగచ్ఛాయతో, ఇంకొంత ఆలాపనతో పాడతాడు. కథాపరంగా ఏమీ జరగదు, కానీ పాత్రకు ఆ క్షణం విస్తరిస్తుంది. దుర్యోధనుడి అహంకారం మూడుసార్లు వినిపిస్తే అది ప్రేక్షకుడి అనుభవంలో మూడింతలవుతుంది. చప్పట్లు, ఈలలు, చదివింపులు ఆ కాలపు ఓటు పద్ధతులు. ఏ పద్యానికి చదివింపులు ఎక్కువ వస్తాయో మరుసటి ఊళ్ళో ఆ పద్యానికి అంత సాగదీత.

ఈ సందర్భంలో సినిమాతో పోలిక ఉపయోగకరం. నూజివీడు సమీపంలోని మీర్జాపురం జమీందారు, మీర్జాపురం రాజాగా ప్రసిద్ధులు, శోభనాచల సంస్థ ద్వారా చిత్రాలు నిర్మించారు. 1949లో వచ్చిన ‘కీలుగుర్రం’కు ఆయనే దర్శకుడు. ఆ ప్రాంతపు ప్రేక్షకులు తమ జానపద కథను తెర మీద చూసుకోగలిగారు. కానీ తెర మీద ‘వన్స్ మోర్’ అంటే వినేవారు లేరు. సినిమాను మెచ్చుకోవచ్చు, తిరస్కరించవచ్చు, మార్చడం కుదరదు. రంగస్థలం మీద ఉండిన ఆ అధికారం సినిమాహాలులో ఆగిపోయింది. దాన్ని మళ్ళీ కొంతవరకు ఇవ్వజూపుతున్నది కంప్యూటర్ కథ.

5. ఎంపిక పాత్రను మార్చిన మూడు సందర్భాలు

5.1 సత్యభామ: స్త్రీ పాత్రధారణలో సాటిలేనివాడుగా పేరొందిన స్థానం నరసింహారావు ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామ వేషం కట్టేవారు. ముత్తరాజు సుబ్బారావు రాసిన ఆ నాటకంలో సత్యభామ ఆత్మవిశ్వాసాన్ని ప్రకటించే పాటను స్థానం స్వయంగా చేర్చారు. ప్రేక్షకులు దాన్ని పట్టుకున్నారు. ఆ పాట లేని సత్యభామను ఊహించలేని స్థితి వచ్చింది. 1966 నాటి సినిమాలోకి కూడా అది ప్రవేశించింది. నటుడి ప్రతిపాదన, ప్రేక్షకుల ఆమోదం కలిసి పాత్రకు శాశ్వతమైన అంగాన్ని ఇచ్చాయి. ఇక్కడ మార్పు పాత్ర స్వభావానికి అనుకూలమైనది. అప్పటికే ఉన్న గర్వానికి అది గొంతు ఇచ్చింది.

5.2 హరిశ్చంద్రుడు: బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో నటులు గుర్రం జాషువా శ్మశానాన్ని గురించి రాసిన పద్యాలను పాడడం మొదలుపెట్టారు. అవి నాటకం కోసం రాసినవి కావు, జాషువా ఖండకావ్యంలోనివి. జనాదరణ వల్ల అవి నాటకంలో భాగమైపోయాయి. ఈ చేర్పు అలంకారం వరకే ఆగలేదు. మూలంలో హరిశ్చంద్రుడు ప్రధానంగా సత్యవ్రతం కోసం బాధలు పడే రాజు. జాషువా పద్యాలు పాడిన తరువాత అతడు చావు ముందు రాజు, పేద, కులం, అంటరానితనం ఏవీ మిగలవని గ్రహించిన ఆలోచనాపరుడు. అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి మాటలు, కాటికాపరిగా మారిన చక్రవర్తి నోట, అన్ని కులాలవారూ కూర్చున్న సభలో వినిపించాయి. ప్రేక్షకుల ఎంపిక ఒక పాత్రకు మూలరచయిత ఇవ్వని సామాజిక లోతును ఇచ్చిన సందర్భమిది.

5.3 సుబ్బిశెట్టి: మూడవ ఉదాహరణ ఇందుకు భిన్నమైనది. కాళ్ళకూరి నారాయణరావు సంఘసంస్కరణను ఆశించి నాటకాలు రాశారు. ‘వరవిక్రయం’ కట్నాన్ని, ‘మధుసేవ’ తాగుడును, ‘చింతామణి’ వేశ్యాలోలత్వాన్ని ఖండిస్తాయి. చింతామణిలో వ్యసనం వల్ల చెడిన పలువురిలో సుబ్బిశెట్టి ఒకడు. బిల్వమంగళుడి పతనం, చింతామణి పరివర్తన నాటకానికి వెన్నెముక. కానీ ప్రదర్శనలు పెరిగేకొద్దీ జనం నవ్విన చోట నటులు మాటలు పెంచారు. సుబ్బిశెట్టి, చిత్ర, శ్రీహరి పాత్రల మధ్య హాస్యం మూలంలో లేని అశ్లీల సంభాషణగా విస్తరించింది. కొన్ని ప్రదర్శనల్లో నాటకమంటే ఆ భాగమే అయిపోయింది. వ్యసనాన్ని గర్హించవలసిన నాటకం ఒక వృత్తివర్గాన్ని, ఒక కులాన్ని, శరీరాకృతిని ఎగతాళి చేసే నాటకంగా మారిందని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలం అభ్యంతరం చెప్పాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శనను నిషేధించింది. వివాదం న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఆ నాటకం మీదనే జీవించే కళాకారులు ఉపాధి గురించి ఆందోళన చెందారు.

ఈ వివాదంలో రచయిత తప్పెంత, నటుల తప్పెంత అన్న చర్చ విస్తృతంగా జరిగింది. ప్రేక్షకుల పాత్ర గురించి జరిగిన చర్చ తక్కువ. సుబ్బిశెట్టిని ఆ రూపంలోకి తెచ్చినది ఏ ఒక్కరి నిర్ణయమూ కాదు. వందల రాత్రులు, వేల నవ్వులు కలిసి చేసిన ఎంపిక అది. నవ్వినవారెవరూ తాము నాటకాన్ని తిరగరాస్తున్నామనుకోలేదు. ఎంపిక సామూహికమైనప్పుడు బాధ్యత ఎవరిదో తేలదు. ఎంపికలో పాల్గొనని వర్గం మాత్రం దాని ఫలితాన్ని అనుభవిస్తుంది.

జాషువా పద్యాలను నిలబెట్టినదీ, సుబ్బిశెట్టిని దిగజార్చినదీ ఒకే ప్రేక్షకుల అధికారం. అందువల్ల ప్రేక్షకుల ఎంపిక తనంతట తాను మంచిదో చెడ్డదో కాదు. ఏ చట్రంలో ఆ ఎంపికను అడిగారన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది.

6. ఒక నమూనా: మామిడి తోట కథ

పై సూత్రాలను వివరించడానికి నూజివీడు ప్రాంతపు జీవితం నుంచి ఒక కథను ఊహించవచ్చు. ఆగిరిపల్లి వైపు చిన్న రసాల తోటను కౌలుకు తీసుకున్న సూరయ్య అనే రైతు ప్రధాన పాత్ర. పాఠకుడు సూరయ్య తరఫున నిర్ణయాలు తీసుకుంటాడు.

మొదటి కూడలి పూత సమయం. పూత మీదనే తోట కాపును కొంటానని వ్యాపారి బయానాతో వస్తాడు. ఇవ్వవచ్చు, కాయ దిగేదాకా ఆగవచ్చు. రెండవ కూడలిలో తేనెమంచు పురుగు పడుతుంది. అప్పు చేసి మందు కొట్టవచ్చు, కూలి ఖర్చు తగ్గించి సర్దుకోవచ్చు. మూడవ సంఘటన ఏప్రిల్ గాలివాన. ఇది కూడలి కాదు, ఏ దారిలో వచ్చినా తప్పనిది. నాటకంలో రాయబారం విఫలమైనట్టే, ఈ కథలో కాయ రాలుతుంది.

గాలివాన ఒకటే అయినా సూరయ్యలు వేరు. పూత మీద అమ్మిన సూరయ్యకు రాలిన కాయ తనది కాదు. అతడు సొంత కష్టం నేల మీద పడి ఉంటే పరాయివాడిలా చూస్తాడు. తెల్లవారి వ్యాపారి వచ్చి బాకీ సొమ్ములో తగ్గించమంటే మాట్లాడవలసిన స్థితిలో ఉంటాడు. కాయ ఉంచుకున్న సూరయ్యకు ప్రతి రాలిన కాయా అప్పు మీద వడ్డీ. కూలిలో కోత పెట్టిన సూరయ్య ఆ తెల్లవారి తోటలో ఒంటరి. కూలి సరిగా ఇచ్చినవాడి తోటకు పిలవకుండానే నలుగురు వస్తారు. రాలిన కాయను ఏరి పచ్చడికో ఒరుగులకో పంపుతారు. రెండవ కూడలిలో పాఠకుడు డబ్బు గురించి తీసుకున్నాననుకున్న నిర్ణయం నిజానికి మనుషుల గురించి తీసుకున్నదని అప్పుడు తెలుస్తుంది.

కథను నడిపే ప్రోగ్రాములో ఇందుకు కావలసినవి రెండే గుర్తులు. అప్పు ఎంత, ఊరి నమ్మకం ఎంత. ప్రతి ఎంపికకూ ఆ అంకెలు మారతాయి, తగిన చోట తగిన వాక్యం కనిపిస్తుంది. ట్వైన్ వంటి ఉచిత పరికరాల్లో తెలుగు లిపితో ఇటువంటి కథలు అల్లవచ్చు. 2008లో స్థాపితమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ట్రిపుల్ ఐటీ ప్రాంగణం నూజివీడులోనే ఉంది. ప్రోగ్రాము రాయగల గ్రామీణ యువత, నాటకం చూస్తూ పెరిగిన పెద్దలు ఒకే ఊళ్ళో ఉండడం ఈ ప్రక్రియకు అనుకూలమైన పరిస్థితి.

7. తెలుగు భాష కల్పించే అవకాశాలు, చిక్కులు

ఆజ్ఞల పద్ధతి తెలుగుకు కష్టమైనది. ఇంగ్లీషులో క్రియ, నామవాచకం పక్కపక్కన పెడితే ఆజ్ఞ అవుతుంది. తెలుగులో ‘దీపం తీసుకో’, ‘దీపాన్ని తీసుకో’, ‘దీపం తీసుకుంటాను’, ‘ఆ దీపం ఇలా తీసుకురా’ అన్నవన్నీ సహజమైన వాక్యాలే. విభక్తులు, సంధులు, క్రియారూపాలు తెలిసిన యంత్రం కావాలి. ఎంపికల పద్ధతిలో వాక్యాన్ని రచయితే రాస్తాడు గనుక ఈ చిక్కు లేదు.

ఇంటరాక్టివ్ ఫిక్షన్ తరచుగా మధ్యమ పురుషలో సాగుతుంది. తెలుగులో ఉత్తమ, మధ్యమ పురుషల క్రియల్లో లింగభేదం లేదు. ‘నువ్వు తోటలోకి వెళ్ళావు’ అన్న వాక్యం స్త్రీకీ పురుషుడికీ సరిపోతుంది. హిందీలో ఈ సౌలభ్యం లేదు. అయితే ఆ ‘నువ్వు’ను ‘మీరు’గా మారిస్తే పాఠకుడి స్థానమే మారిపోతుంది. లింగాన్ని దాచగల భాష హోదాను దాచనివ్వదు.

ఇది చిక్కు మాత్రమే కాదు, గొప్ప అవకాశం కూడా. బాకీ తగ్గించమంటున్న వ్యాపారితో సూరయ్య మూడు విధాల మాట్లాడవచ్చు. ‘మీరే దయచూడాలండీ’ అనవచ్చు. ‘అన్నయ్యా, మాటంటే మాటే గదా’ అనవచ్చు. ‘ఏమయ్యా, గాలివాన నేను తెచ్చానా?’ అనవచ్చు. మూడింటిలోనూ కోరిక ఒకటే, పూర్తి సొమ్ము. కానీ మొదటి వాక్యం ఎంచుకున్న పాఠకుడు ఒక సూరయ్యను, మూడవది ఎంచుకున్నవాడు మరొక సూరయ్యను సృష్టిస్తాడు. చర్య మారకుండానే పాత్ర మారుతుంది. సంబోధన ద్వారా పాత్రను మలచడం తెలుగు ఇంటరాక్టివ్ ఫిక్షన్‌కు సొంత బలం కాగలదు. మాధవి, సత్యభామల సంవాదమంతా పేరు చెప్పడం, చెప్పకపోవడం మీద నడిచిందన్న విషయం ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

8. రంగస్థలానికి, తెరకు మధ్య భేదం

పద్యనాటకంలో ఎంపిక సమూహానిది. ఎంచుకోనిది నశిస్తుంది. ఎవరూ అడగని సీన్లు ఆడక, ఆడనివి మరపున పడ్డాయి. చింతామణి పరివర్తన ఘట్టం పక్కకు జరిగినది ఈ విధంగానే. కంప్యూటర్ కథలో ఎంపిక సాధారణంగా ఒక్కరిది. ఎంచుకోని దారి చెరిగిపోదు, మరొక పాఠకుడి కోసం అక్కడే ఉంటుంది. అల్పసంఖ్యాకుల అభిరుచికి, మౌనంగా ఉండిపోయేవారి అభిరుచికి ఇందులో రక్షణ ఉంది.

కానీ ఆ రక్షణ శాశ్వతమని చెప్పలేము. ఏ దారిని ఎందరు ఎంచుకున్నారో కంప్యూటర్ లెక్కపెట్టగలదు. ఆ లెక్క చూసి ఎక్కువమంది వెళ్ళిన దారినే రచయిత పెంచుకుంటూ పోతే, అది చదివింపులు చూసి సుబ్బిశెట్టి మాటలు పెంచిన నటుడి పనే అవుతుంది. నాటకంలో ఆ మార్పుకు దశాబ్దాలు పట్టింది. తెర మీద కొన్ని వారాలు చాలు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. ప్రేక్షకుల ఎంపిక తెలుగు కథనంలో కొత్తది కాదు. భేతాళ ప్రశ్న, పృచ్ఛకుడి నిషేధం, మాధవి కొంటె ప్రశ్న, ‘వన్స్ మోర్’ కేక దాని భిన్నరూపాలు.

2. ముగింపు స్థిరంగా ఉన్నా ఎంపికకు విలువ ఉంటుంది. ఆ విలువ పాత్రలో నిలుస్తుంది. పద్యనాటకం, ఇంటరాక్టివ్ ఫిక్షన్ ఈ సూత్రంలో కలుస్తాయి.

3. ఒకే ప్రేక్షకుల అధికారం హరిశ్చంద్రుడికి లోతును, సుబ్బిశెట్టికి పతనాన్ని ఇచ్చింది. నవ్వును, చప్పట్లను మాత్రమే కొలిచే చట్రంలో పాత్ర పలచబడుతుంది. ఎంపికకు పర్యవసానం చూపించే చట్రంలో పాత్ర చిక్కబడుతుంది.

4. తెలుగులో సంబోధన, గౌరవవాచకాలు, వరుసలు పాత్ర నిర్మాణానికి సూక్ష్మమైన సాధనాలు. అనువాద నమూనాలను అనుసరించే కథల్లో ఈ బలం జారిపోతుంది.

5. సామూహికమైన ఎంపిక వల్ల నష్టపోయేవారు తరచుగా ఆ ఎంపికలో లేనివారే. కథ అల్లేవారు ప్రతి కూడలి దగ్గరా ‘ఇక్కడ ఎవరిని నవ్వులపాలు చేస్తున్నాం?’ అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

పాఠకుడికి అధికారం ఇవ్వడం ఈ ప్రక్రియ ప్రత్యేకత. తాను వాడుతున్నది అధికారమని పాఠకుడికి తెలియజేయడం దాని బాధ్యత. పందిట్లో నవ్విన ప్రేక్షకుడికి ఆ సంగతి తెలిపే వీలు నాటకానికి లేకపోయింది. రేపు తెలుగులో రాబోయే కథకు ఆ వీలుంది.